రెండో యంత్రం కూడా అవునన్నాక



2024 అక్టోబరు 11న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో, ఒక డేటా సెంటర్‌లోని ఎన్విడియా ఏ100 అనే గ్రాఫిక్స్ చిప్ తనకిచ్చిన లెక్క పూర్తిచేసింది. ఎదురుగా ఉన్న సంఖ్య బహుశా ప్రధాన సంఖ్యేనని తేల్చింది. రెండును 13 కోట్ల 62 లక్షల 79 వేల 841 సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలేదే ఆ సంఖ్య. అంకెల్లో రాస్తే 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. దాన్ని ఈ రేడియోలో సెకనుకు ఒక అంకె చొప్పున చదవడం మొదలుపెడితే, వార్తలూ పాటలూ అన్నీ ఆపేసి రాత్రీ పగలూ చదివినా దాదాపు 475 రోజులు పడుతుంది.

ఆ రోజు ఎవరూ ఏ ప్రకటనా చేయలేదు. మర్నాడు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో ఉన్న హెచ్100 అనే ఇంకో చిప్ మీద, ఇంకో పద్ధతిలో, అదే సంఖ్యను మొదటి నుంచి పరీక్షించారు. అదీ అవునంది. తర్వాత వేరే ప్రోగ్రాములతో, వేరే యంత్రాల మీద మళ్ళీ మళ్ళీ చూశారు. అన్నీ ఒకే మాట చెప్పాక, అక్టోబరు 21న లోకానికి తెలియజేశారు.

ప్రధాన సంఖ్యల వేట అనగానే ‘ఎంత పెద్దది దొరికింది?’ అని అడగడం సహజం. ఇవాళ్టి ప్రసంగం ఇంకో ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఏ మనిషీ చదవలేని, ఏ మనిషీ చేత్తో సరిచూడలేని సంఖ్య గురించి ఒక యంత్రం ‘అవును’ అంటే, ఆ మాటను దేన్ని చూసి నమ్మాలి?

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడనిది. 2, 3, 5, 7, 11, 13. వీటికి అంతు లేదని యూక్లిడ్ రెండువేల మూడు వందల ఏళ్ళ కిందటే రుజువు చేశాడు. అంతు లేదని తెలిసినా, ఫలానా పెద్ద సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం మాత్రం సులువు కాదు.

పెద్ద ప్రధాన సంఖ్యల కోసం వెతికేవాళ్ళు సాధారణంగా ఒకే రకం సంఖ్యల వెంట పడతారు. ఆ రకం మనకు కొత్తది కాదు, కథల్లో విన్నదే. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని వరం అడిగాడు: మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు. రాజుగారి గాదెలు చాలలేదన్నది కథ. ఆ కథలో మరో ప్రశ్న దాగి ఉంది. ఏ గడి దాకా నింపి ఆపితే, బల్ల మీది గింజల మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది? రెండు గళ్ళకు 3 గింజలు, ప్రధానమే. మూడు గళ్ళకు 7, ప్రధానమే. నాలుగింటికి 15, కాదు. ఐదింటికి 31, అవును. ఆరింటికి 63; కాదు. ఏడింటికి 127, అవును. గళ్ళ సంఖ్య ప్రధానం కాకపోతే గింజల మొత్తం ఎన్నటికీ ప్రధానం కాదు. అయితే గళ్ళ సంఖ్య ప్రధానమైనంత మాత్రాన మొత్తం ప్రధానం కావాలని లేదు. 11 ప్రధాన సంఖ్యే, కానీ పదకొండు గళ్ళలో పడే గింజలు 2,047. అది 23ను 89తో గుణిస్తే వచ్చేది. మొత్తం 64 గళ్ళ బల్ల మీద ఇలా కలిసొచ్చే చోట్లు తొమ్మిదే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61.

ఈ సంఖ్యలకు మెర్సెన్ ప్రధాన సంఖ్యలని పేరు. మారిన్ మెర్సెన్ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి. 1644లో అచ్చువేసిన పుస్తకంలో ఆయన, 257 దాకా ఏయే ఘాతాంకాలకు, అంటే రెండును ఎన్నిసార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే, మన కథలో ఎన్ని గళ్ళు నింపితే, ప్రధాన సంఖ్య వస్తుందో ఒక జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 ఉన్నాయి. ఆ రెండూ తప్పు. 61, 89, 107 లేవు. ఆ మూడూ ఉండాల్సినవి. చదరంగం బల్ల మీద చివరి వరసలోనే ఉన్న 61వ గడి సంగతి 1883లో గానీ తేలలేదు. తేల్చింది రష్యాలో పల్లెటూరి చర్చిలో పనిచేసే ఇవాన్ పెర్వూషిన్ అనే మతగురువు. మెర్సెన్ జాబితాను పూర్తిగా సరిచూసేసరికి మూడు వందల ఏళ్ళు పట్టింది. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. ఆ రోజుల్లో అంతంత సంఖ్యలను పరీక్షించే దారే లేదు.

67 కథ మరీ బాగుంటుంది. 1903 అక్టోబరు 31న న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం జరుగుతోంది. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ లేచి, మాట్లాడకుండా నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు. రెండును 67 సార్లు గుణించి ఒకటి తీసేశాడు. 21 అంకెల సంఖ్య వచ్చింది. పక్కకు జరిగి, 19,37,07,721ని 7,61,83,82,57,287తో చేతిగుణకారం చేశాడు. అదే 21 అంకెల సంఖ్య వచ్చింది. ఒక్క మాట కూడా పలక్కుండా వెళ్ళి కూర్చున్నాడు. సభ చప్పట్లతో మోగింది. ఆ రెండు కారణాంకాలు పట్టుకోవడానికి ఎంతకాలం పట్టిందని అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు అన్నాడని చెబుతారు.

ఆ సభలో ఉన్నవాళ్ళకు కోల్ మాట మీద నమ్మకం ఉండాల్సిన పనే లేదు. గుణకారం ఎవరైనా ఇంటికి వెళ్ళి వేసుకోవచ్చు. అలా సరిచూసుకునే వీలు పెద్ద ప్రధాన సంఖ్యల విషయంలో ఉండదు. ‘ఇది ప్రధానం కాదు’ అనడానికి ఒక కారణాంకం చూపిస్తే చాలు. ‘ఇది ప్రధానం’ అనడానికి ఏం చూపించాలి?

దీనికి దారి వేసినవాడు ఎడ్వార్డ్ ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త. దాన్ని 1930ల నాటికి సులువుగా వాడుకునే రూపానికి తెచ్చినవాడు అమెరికన్ డెరిక్ హెన్రీ లేమర్. అందుకే ల్యూకా–లేమర్ పరీక్ష అంటారు. కాగితం, పెన్సిలు దగ్గరుంటే ఇప్పుడే వేయవచ్చు. 31ని పరీక్షిద్దాం. ఎప్పుడూ 4తోనే మొదలు. 4ను వర్గం చేస్తే 16, అందులో 2 తీసేస్తే 14. మళ్ళీ 14ను వర్గం చేస్తే 196, రెండు తీస్తే 194. దీన్ని 31తో భాగిస్తే శేషం 8. మళ్ళీ 8ని వర్గం చేస్తే 64, రెండు తీస్తే 62. 31తో భాగిస్తే శేషం సున్న. ఐదు గళ్ళ సంఖ్య కాబట్టి, ఐదులో రెండు తక్కువగా, అంటే మూడుసార్లు చేశాం. చివర సున్న వస్తే ప్రధానం, రాకపోతే కాదు. అంతే పరీక్ష.

2,047కు ఇదే చేస్తే, తొమ్మిది అడుగులు వేయాలి. చివర సున్న రాదు, 1,736 వస్తుంది. అంటే 2,047 ప్రధానం కాదు. కానీ 23, 89 అనే కారణాంకాల ఊసే ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఈ పరీక్ష ‘కాదు’ అంటుంది, ఎందుకు కాదో చెప్పదు. ల్యూకా ఇలాంటి దారిలోనే 1876లో, 67 విషయంలో మెర్సెన్ పొరబడ్డాడని చూపించాడు. కారణాంకాల కోసం లోకం ఇంకా 27 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది ఆయన 127 గళ్ళ సంఖ్య ప్రధానమని తేల్చాడు. 39 అంకెలు, మన లెక్కలో 39 సెకన్ల పఠనం. కేవలం చేత్తో తేల్చిన ప్రధాన సంఖ్యల్లో నేటికీ అదే అతి పెద్దది.

ఆ 1,736 అనే శేషాన్ని గుర్తుంచుకోండి. ఈ కథలో దాని పని ఇంకా ఉంది.

1952 జనవరి 30న ఈ లెక్క యంత్రం చేతికి వెళ్ళింది. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్‌లో స్వాక్ అనే కంప్యూటర్ ఉండేది. బర్క్‌లీలో ఉన్న రఫేల్ రాబిన్సన్ ఆ యంత్రాన్ని చూడకుండానే, దాని కరదీపిక చదివి ప్రోగ్రాం రాసి పంపాడు. ప్రోగ్రాం తొలిసారే సరిగ్గా నడిచింది. మెర్సెన్ జాబితాలో మిగిలిన 257ను ముందుగా వేసి చూశారు. దాని కోసం లేమర్ ఇరవై ఏళ్ళ ముందు బల్ల మీది లెక్కల యంత్రంతో దాదాపు ఏడాది పాటు రోజూ కష్టపడి ‘కాదు’ అని తేల్చి ఉన్నాడు. స్వాక్ నిమిషం లోపే అదే మాట చెప్పింది. మనిషి లెక్కకు యంత్రం సాక్ష్యం ఇచ్చిన క్షణమది. అప్పటికి కొత్తగా పుట్టిన యంత్రం సరిగ్గా పనిచేస్తోందనడానికి లేమర్ చేతిలెక్క కూడా సాక్ష్యమైంది. అదే రాత్రి 521, 607 ఘాతాంకాలకు రెండు కొత్త ప్రధాన సంఖ్యలు దొరికాయి. డెబ్భై అయిదేళ్ళుగా నిలిచిన ల్యూకా రికార్డును దాటిన మెర్సెన్ సంఖ్యలవి. ఆ ఏడాది పూర్తయ్యేలోపు మరో మూడు.

1961 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోనే అలెగ్జాండర్ హర్విట్జ్ ఐబీఎం 7090 మీద ఇదే పని చేశాడు. కాగితాల మీద ఫలితాలు అచ్చయి వచ్చాయి. కట్ట పై నుంచి చూస్తే చివర అచ్చయినది ముందు కనబడుతుంది కదా. అలా హర్విట్జ్ కంటికి 4,423 ముందు పడింది, 4,253 తర్వాత పడింది. యంత్రం మాత్రం 4,253నే ముందు కనుక్కుంది. మరి ఆ చిన్నది ఒక్క క్షణమైనా ‘తెలిసిన వాటిలో అతి పెద్దది’ అనే కిరీటం పెట్టుకున్నట్టా, లేనట్టా? యంత్రం ఎరిగితే చాలా, మనిషి కన్ను పడాలా? ఇది హాస్యానికి అడిగిన ప్రశ్న కాదు. అలాంటి సంఘటన మళ్ళీ జరిగింది. అక్కడికి తర్వాత వద్దాం.

అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ వేట పెద్ద యంత్రాలున్న చోట్లకే పరిమితమైంది. క్రే సూపర్ కంప్యూటర్ల మీద డేవిడ్ స్లోవిన్‌స్కీ, ఒక్కోసారి సహచరులతో కలిసి, ఒకదాని వెంట ఒకటిగా ఏడు కనుక్కున్నాడు. ఆ పరుగులో కొన్ని ఘాతాంకాలు పరీక్షకు రాకుండా మిగిలిపోయాయి. 1988లో వాకర్ కోల్క్విట్, లూథర్ వెల్ష్ అనే ఇద్దరు ఆ ఖాళీలను ఓపిగ్గా వెతికితే, 1,10,503 దగ్గర ఒక ప్రధాన సంఖ్య బయటపడింది. అంతకంటే పెద్దవి రెండు అప్పటికే దొరికి ఉన్నాయి. పొలం కోసుకుపోయాక వెనక పరిగె ఏరుకున్నవాళ్ళకు నిండు వెన్ను దొరికినట్టు దొరికిందది.

1996 జనవరిలో జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, ఇళ్ళలో ఖాళీగా కూర్చున్న మామూలు కంప్యూటర్లన్నీ కలిస్తే సూపర్ కంప్యూటర్‌కు దీటుగా నిలవగలవని తలచాడు. ప్రైమ్95 అనే సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పంచాడు. అలా పుట్టింది ‘గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్’. పొడి అక్షరాల్లో జింప్స్. చేరినవాళ్ళ కంప్యూటర్‌కు ఒక ఘాతాంకం పనిగా వస్తుంది. మనిషి ఆఫీసు పని చేసుకుంటున్నా, నిద్రపోతున్నా, మిగిలిన శక్తితో ప్రైమ్95 వర్గాలు చేస్తూ, రెండేసి తీసేస్తూ, శేషాలు పట్టుకుంటూ పోయేది. మొదటి ఏడాది నవంబరులోనే ఫ్రాన్స్‌లో జోయెల్ అర్మెంగో యంత్రానికి 4,20,921 అంకెల ప్రధాన సంఖ్య తగిలింది. మన పఠనం లెక్కలో అయిదు రోజులకు కాస్త తక్కువ. 1998లో ఆ అదృష్టం దక్కినవాడు రోలాండ్ క్లార్క్‌సన్. వయసు 19, కాలేజీ విద్యార్థి. 1999లో అమెరికాలోని మిచిగన్‌కు చెందిన నయన్ హజ్రత్‌వాలా కంప్యూటర్‌కు దొరికిన దానిలో 20,98,960 అంకెలు. పది లక్షల అంకెలు దాటిన తొలి ప్రధాన సంఖ్యకు పెట్టిన 50 వేల డాలర్ల బహుమతి ఆయనకే వచ్చింది. లక్షల అంకెల సంఖ్యలు అలా గృహస్థుల ఇళ్ళలోనూ పుట్టాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పుకోకపోతే ఈ సాఫ్ట్‌వేర్ చేసే పని అర్థం కాదు. కోట్ల అంకెల సంఖ్యను వర్గం చేసి, కోట్ల అంకెల సంఖ్యతో భాగించడం, అదీ కోట్ల సార్లు, ఎలా సాధ్యం? భాగహారం సంగతి ముందు చూద్దాం. 4,321ని 99తో భాగిస్తే శేషమెంత? భాగించనక్కరలేదు. రెండేసి అంకెలుగా విడగొట్టి 43, 21 కూడితే 64, అదే శేషం. 99లో అన్నీ తొమ్మిదులే కావడం వల్ల ఈ సౌలభ్యం. కంప్యూటర్‌కు తెలిసినవి సున్న, ఒకటి మాత్రమే. ఆ లిపిలో మెర్సెన్ సంఖ్య రాస్తే అన్నీ ఒకట్లే. కాబట్టి భాగహారమే అక్కరలేదు. సంఖ్యను రెండు ముక్కలు చేసి కూడితే సరి. పెద్ద ప్రధాన సంఖ్యల పట్టికలో మెర్సెన్ సంఖ్యలే ఎప్పుడూ పైన ఉండడానికి ఇదొక కారణం. వర్గం చేయడానికి ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతి వాడతారు. బడిలో నేర్పే గుణకారంలో ప్రతి అంకెనూ ప్రతి అంకెతో గుణించాలి. ఈ పద్ధతిలో ఆ చాకిరీలో చాలా భాగం తప్పుతుంది. అయితే దానికి ఒక ఖరీదుంది. మధ్యలో దశాంశాలు వస్తాయి, యంత్రం వాటిని సవరించి పూర్ణాంకాలు చేస్తుంది. ఆ సవరణ ఒక్కచోట పక్కకు జరిగితే, ఆ తర్వాతి కోట్ల అడుగులూ వృథా.

మెమరీలో ఒక బిట్ తిరగబడినా అంతే. వేసవిలో చిప్ వేడెక్కినా అంతే. మూడు వారాలు నడిచిన లెక్క చివర ‘సున్న కాదు’ అని వస్తే, అది నిజంగా కాదా, లేక దారిలో ఎక్కడో జారిందా?

యంత్రం జారగలదని చూపించినవాళ్ళలో ఒకరు ప్రధాన సంఖ్యల మనిషే. థామస్ నైస్లీ వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీలో గణితం చెప్పేవాడు. 3–5, 5–7, 11–13 వంటి జంటలను కవల ప్రధాన సంఖ్యలంటారు. వాటి వ్యుత్క్రమాలను, అంటే మూడో వంతు, అయిదో వంతు ఇలా, కూడుకుంటూ పోయే లెక్కను ఆయన చాలా కంప్యూటర్ల మీద నడిపేవాడు. 1994లో పెంటియం చిప్ ఉన్న కొత్త కంప్యూటర్‌ను ఆ జట్టులో చేర్చాక ఫలితాలు పొసగలేదు. ముందు తన ప్రోగ్రాంను అనుమానించాడు, తర్వాత కంపైలర్‌ను, తర్వాత మదర్‌బోర్డును. నెలల తరబడి ఒక్కొక్కటే తీసేస్తూ వెళితే చివరకు మిగిలింది చిప్. 8,24,63,37,02,441 అనే సంఖ్యతో ఒకటిని భాగించమంటే పెంటియం తప్పు చెబుతోంది. చిప్‌లోని భాగహారపు పట్టికలో అయిదు గళ్ళు నింపకుండా వదిలేయడం కారణమని తేలింది. ఇంటెల్ కంపెనీ చిప్‌లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. అందుకు 47 కోట్ల 50 లక్షల డాలర్లు ఖాతాలో రాసుకుంది. నైస్లీ ఒకే యంత్రాన్ని నమ్మి ఊరుకుని ఉంటే ఆ తప్పు ఆయనకు కనబడేదే కాదు. పాత యంత్రాల జవాబు పక్కన పెట్టి చూడబట్టే కనబడింది.

2016 జనవరిలో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలోనూ ఒక లోపం బయటపడింది. ప్రైమ్95 నడిపినప్పుడు కంప్యూటర్ బిగుసుకుపోయేది. కంపెనీ ఒప్పుకుని సవరణ ఇచ్చింది. కొత్తగా కంప్యూటర్ బిగించుకున్న కుర్రాళ్ళు దాని సత్తా పరీక్షించడానికి ప్రైమ్95లోని ‘టార్చర్ టెస్ట్’ నడుపుతారు. వాళ్ళలో ప్రధాన సంఖ్యల మీద ఆసక్తి లేనివాళ్ళే ఎక్కువ. జవాబు ముందే తెలిసిన లెక్కలిచ్చి, యంత్రం ఎక్కడైనా తడబడుతుందేమో చూసే పరీక్ష అది.

ఇప్పుడు 1,736 దగ్గరికి తిరిగి వద్దాం. సున్న రానప్పుడు వచ్చిన శేషమే ఆ యంత్రం ఇచ్చే సాక్ష్యం. జింప్స్‌లో ప్రతి ఘాతాంకాన్నీ ఇద్దరు వేర్వేరు మనుషుల యంత్రాలకు, ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా ఇచ్చేవారు. ఇద్దరి శేషాల చివరి అంకెలు సరిపోలితేనే ఆ ఘాతాంకం మూసినట్టు. పోలకపోతే మూడో యంత్రం వేస్తుంది. ప్రైమ్95లో ‘డబుల్ చెక్’ అనే పనిని కోరి తీసుకునేవాళ్ళుంటారు. వాళ్ళకు రికార్డు దొరికే అవకాశం దాదాపు లేదు. ఎవరో ఎప్పుడో ‘కాదు’ అన్నదాన్ని మళ్ళీ మొదటి నుంచి వేసి ‘అవును, కాదు’ అని చెప్పడమే వాళ్ళ పని. ఈ వేటలో అందరికంటే గౌరవించాల్సింది వాళ్ళనే.

హర్విట్జ్ కాగితాల నాటి ప్రశ్న మళ్ళీ తలెత్తింది అన్నాం కదా. మిస్సోరీ రాష్ట్రంలో కర్టిస్ కూపర్ అనే ప్రొఫెసర్ విశ్వవిద్యాలయంలోని వందల కంప్యూటర్లలో ప్రైమ్95 నడిపేవాడు. 2015 సెప్టెంబరు 17న అందులో ఒకటి 2 కోట్ల 23 లక్షల 38 వేల 618 అంకెల ప్రధాన సంఖ్యను కనుక్కుని సర్వర్‌కు కబురు పంపింది. సర్వర్ నుంచి మనుషులకు వెళ్ళాల్సిన ఈమెయిల్ మాత్రం వెళ్ళలేదు. 2016 జనవరి 7న ఎవరో మామూలుగా డేటాబేస్ తిరగేస్తుంటే అది కంటపడింది. మూడున్నర నెలలు ఆ సంఖ్య యంత్రాలకు తెలిసి, మనుషులకు తెలియకుండా ఉంది. అంతకుముందు 2009లో నార్వేలో ఓడ్ మాగ్నార్ స్ట్రిండ్‌మో కంప్యూటర్ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఏప్రిల్‌లో దొరికింది, జూన్‌లో చూశారు. జింప్స్ తన నియమం తేల్చి చెప్పింది. కనుగొన్న తేదీ అంటే మనిషి గమనించిన తేదీ.

2017లో రాబర్ట్ గెర్బిచ్ అనే గణితవేత్త ఒక ఉపాయం చెప్పాడు. లెక్క నడుస్తుండగానే, కొన్ని వేల అడుగులకొకసారి, మధ్య ఫలితాలను ఒకదానితో ఒకటి గుణించి చూస్తే అడుగులన్నీ సరిగా పడ్డాయో లేదో దాదాపు ఖాయంగా తెలిసిపోతుంది. తప్పు పడితే చివరిసారి సరిగ్గా ఉన్న చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఈ ఉపాయం ల్యూకా–లేమర్ పరీక్షకు సరిపోదు. ఫెర్మా సూత్రం మీద నడిచే ఇంకో పరీక్షకు సరిపోతుంది. అందుకే ఇప్పుడు మొదటి పరీక్ష ఫెర్మా పద్ధతిలో చేస్తారు. అది ‘బహుశా ప్రధానం’ అనగలదు. ఖాయం చేయడానికి చివర ల్యూకా–లేమర్ రావాలి. డబ్లిన్ తర్వాత శాన్ ఆంటోనియో అందుకే. 2020 నుంచి ఇంకో మెరుగు వచ్చింది. పరీక్ష చేసిన యంత్రం జవాబుతో పాటు ఒక రుజువు ఫైలు కూడా పంపుతుంది; ఇంకో యంత్రం మొత్తం లెక్కలో ఒక శాతం కూడా లేని శ్రమతో దాన్ని సరిచూస్తుంది. కోల్ నల్లబల్ల మీద చేసిన గుణకారం లాంటిది మళ్ళీ దొరికినట్టయింది. ఏళ్ళ శ్రమను కాసేపట్లో సరిచూసుకోవచ్చు.

ఫెర్మా పరీక్ష ఎందుకు ‘బహుశా’ దగ్గర ఆగిపోతుంది? దానికి రామానుజన్ పేరుతో ముడిపడిన సంఖ్యే ఉదాహరణ. 1,729. గణితవేత్త హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అని రామానుజన్ చెప్పడం అందరికీ తెలుసు. దానికి ఇంకో గుణం ఉంది. అది 7, 13, 19ల లబ్ధం, కాబట్టి ప్రధానం కాదు. అయినా ఫెర్మా పరీక్షలో, ఆ మూడింటితో సంబంధం లేని ఏ సంఖ్యను ఆధారంగా తీసుకున్నా, ప్రధాన సంఖ్యలాగే నెగ్గుతుంది. ఇలాంటి మారువేషగాళ్ళను కార్మైకేల్ సంఖ్యలంటారు. వీటిని పట్టుకోవడానికి మిల్లర్–రాబిన్ పరీక్ష ఉంది. అందులో 1,729 దొరికిపోతుంది. పరీక్ష మధ్యలో వచ్చే 1,065ను వర్గం చేసి 1,729తో భాగిస్తే శేషం ఒకటి వస్తుంది. ప్రధాన సంఖ్య దగ్గర ఆ పని చేయగలిగేవి రెండే ఉంటాయి: ఒకటి, ఆ సంఖ్యకు ఒకటి తక్కువైనది. 1,065 ఈ రెండూ కాదు. కాబట్టి వేషం చిరిగిపోతుంది. ఈ పరీక్షలో వేషం బయటపెట్టే ఆధార సంఖ్యను గణితంలో ‘సాక్షి’ అనే పిలుస్తారు.

ఫోన్లలో, బ్యాంకు వెబ్‌సైట్లలో సందేశాలను కాపాడే ఆర్ఎస్ఏ తాళాలు తయారుచేసేది ఈ పరీక్షతోనే. ఒక్కో తాళానికి సుమారు 309 అంకెల ప్రధాన సంఖ్యలు రెండు కావాలి. ఒక్కోటి చదవడానికి అయిదు నిమిషాలు. అంత పెద్ద సంఖ్యల్లో సగటున 710కి ఒకటి ప్రధానం. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక బేసి సంఖ్యను ఎంచుకుంటుంది, సాక్షుల్ని పిలుస్తుంది, ఒక్కరైనా ఎదురు చెబితే పారేసి ఇంకోటి తీసుకుంటుంది. ఎవరూ ఎదురు చెప్పకపోతే వాడేస్తుంది. ఇదంతా రెప్పపాటు పని. ఇక్కడ కావాల్సింది వేగం. రికార్డు దగ్గర కావాల్సింది రుజువు.

ఏ సంఖ్యకైనా, ‘బహుశా’ అనే మాట లేకుండా, అంకెలు పెరిగినా శ్రమ హద్దు దాటకుండా తేల్చే పద్ధతి ఉందా అన్నది చాలాకాలం తెగని ప్రశ్న. 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఉందని చూపించారు. తొమ్మిది పేజీల వ్యాసం, ప్రపంచమంతా చదివింది. 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. అయినా ప్రైమ్95 ఆ పద్ధతిని వాడదు, బ్యాంకులూ వాడవు. ఆచరణలో అది నిదానం. మెర్సెన్ సంఖ్యలకు ల్యూకా–లేమర్ ఎంతో చురుకు. అందువల్ల దాని విలువ తగ్గదు. అలాంటి దారి ఉందని తెలియడమే ఆ ముగ్గురి గెలుపు. కాన్పూర్ నుంచి అది రావడం మన దేశంలో గణితం చదివే ప్రతి పిల్లవాడికీ చెప్పాల్సిన సంగతి.

డబ్లిన్ చిప్‌ను నడిపినవాడు ల్యూక్ డ్యూరాంట్. కాలిఫోర్నియాలోని శాన్ హోసేకు చెందిన, అప్పటికి 36 ఏళ్ళ మనిషి, గతంలో ఎన్విడియా ఉద్యోగి. 17 దేశాల్లోని 24 డేటా కేంద్ర ప్రాంతాల్లో గ్రాఫిక్స్ చిప్‌లను అద్దెకు తీసుకుని వెతికాడు. 1996 నుంచి మామూలు కంప్యూటర్లకే దక్కుతూ వచ్చిన రికార్డు అలా చేతులు మారింది. జింప్స్ ఇచ్చే మూడు వేల డాలర్లను తాను చదువుకున్న అలబామా గణిత, విజ్ఞాన పాఠశాలకు ఇస్తానని చెప్పాడు. ఆ సంఖ్యను ‘తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో 52వది’ అంటారు. ‘తెలిసిన’ అనే మాట అక్కడ ఊరికే లేదు. దానికి ముందున్న ఘాతాంకాలన్నీ రెండోసారి సరిచూడడం ముగిసేదాకా, కోల్క్విట్, వెల్ష్‌లకు దొరికినట్టు మధ్యలో ఇంకోటి దొరకవచ్చు. పది కోట్ల అంకెలు దాటిన తొలి ప్రధాన సంఖ్యకు లక్షా యాభై వేల డాలర్ల బహుమతి ఇంకా ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. దాన్ని రేడియోలో చదవడానికి మూడేళ్ళకు పైనే పడుతుంది.

ఈ పరీక్ష వేసి చూడాలనుకునే పిల్లలకు 127 సరిపోతుంది. ఏడు గళ్ళ గింజలు; అయిదు అడుగులు. ఒకరు ఒక కాగితం మీద, ఇంకొకరు వేరే గదిలో ఇంకో కాగితం మీద వేసి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. 4తో మొదలుపెడితే వరుసగా రావాల్సినవి ఇవి: 14, 67, 42, 111, సున్న.